ఎంట్రోపీ లెక్కలు, 3వ పాఠం: ఒకే పేరు, రెండు కొలతలు, నాలుగు గవ్వలు

మొదటి పాఠంలో లాగరిథమ్‌తో కుస్తీ పట్టాం. రెండో పాఠంలో వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని చూసి, సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మార్చడం అలవాటు చేసుకున్నాం. ఒకదానికొకటి పొంతన లేని ఈ రెండూ ఎందుకు చేయిస్తున్నాడా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఎంట్రోపీ అనే మాటకి సైన్స్‌లో రెండు అర్థాలున్నాయి, ఒకదానికి కెల్విన్ లేనిదే పని జరగదు, రెండోదానికి లాగరిథమ్ లేనిదే జరగదు, అందుకే ఆ తంటా.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ళని ఎంట్రోపీ అంటే ఏంటని అడగండి, వేడిని ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది అంటారు. డేటా సైన్స్ కోర్సులో ఉన్నవాళ్ళని అడగండి, బిట్లలో కొలిచే అనిశ్చితి అంటారు. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివి వదిలేసినవాళ్ళు "క్రమరాహిత్యం" అని టక్కున చెప్పేస్తారు. మొదటి ఇద్దరూ చెప్పినదాంతో లెక్క వేయొచ్చు. మూడోది బట్టీ. ఆ మాటని ఈ పాఠం అయ్యేవరకూ పక్కన పెట్టేయండి, ఎందుకంటే దాంతో ఒక్క లెక్క కూడా తేలదు, పైగా సర్దని గది, దువ్వని తల, ఇలాంటివన్నీ ఎంట్రోపీకి ఉదాహరణలని నమ్మేసే ప్రమాదం ఉంది.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీకు రావాల్సింది ఇది: ఐస్ కరిగితే ఎంట్రోపీ ఎంత పెరిగిందో కాగితం మీద వేయాలి, అష్టాచెమ్మాలో ఒక్కసారి గవ్వలు వేస్తే ఎంట్రోపీ ఎంతో వేయాలి, ఆ తర్వాత మొదటిదాన్ని రెండోదాని యూనిట్లలోకి మార్చాలి. చాలా ఫోన్లలో కాల్క్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే లాగ్ బటన్ కనిపిస్తుంది. అంతకంటే పెద్ద సరంజామా అక్కర్లేదు.

పేరు పెట్టిన మనిషి

సైన్స్‌లో చాలా మాటలు ఎప్పుడు పుట్టాయో చెప్పడం కష్టం. ఎంట్రోపీ విషయంలో ఆ ఇబ్బంది లేదు. 1865లో, జ్యూరిక్‌లో పనిచేస్తున్న జర్మన్ భౌతిక శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ బాగా ఆలోచించి పెట్టిన పేరు ఇది. అసలు రాశి అంతకు ముందే ఆయన చేతిలో ఉంది. 1854లోనే వేడిని ఉష్ణోగ్రతతో భాగించి చూడటం మొదలుపెట్టాడు, దాన్ని అప్పట్లో మార్పుకి "సమాన విలువ" అన్నట్టుగా ఏదో పొడుగాటి పేరుతో పిలిచేవాడు. అంటే బిడ్డకి 11 ఏళ్ళు వచ్చాక బారసాల చేశాడన్నమాట.

పేరు కోసం గ్రీకుకి వెళ్ళాడు. గ్రీకులో ట్రోపె అంటే తిరగడం, మారడం. భూగోళం మీద ట్రాపిక్స్ అని గీసే రెండు రేఖల పేరూ అక్కడిదే, సూర్యుడు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతాడు కాబట్టి (మన దక్షిణాయనం మొదలయ్యేది కర్కాటక రేఖ దగ్గర నుంచే). మొక్క వెలుతురు వైపు తిరగడాన్ని ఫొటోట్రాపిజం అంటాం, అదీ ఈ కుటుంబమే. ఆ ట్రోపె ముందు "లోపల" అనే అర్థమిచ్చే ఎన్ చేర్చాడు. ఎనర్జీ అనే మాట కూడా అదే అచ్చు, ఎన్ పక్కన ఎర్గాన్, అంటే పని. రెండు రాశులూ దగ్గరి చుట్టాలు కాబట్టి పేర్లు కూడా ఒకేలా వినబడాలని కావాలనే అలా పెట్టానని క్లాసియస్ స్వయంగా రాసుకున్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: ముఖ్యమైన రాశులకి ప్రాచీన భాషల నుంచి పేరు తీసుకుంటే ఇప్పటి భాషలన్నిటిలోనూ అదే మాట వాడుకోవచ్చని. ఆ కోరిక మన దగ్గర కూడా తీరింది, తెలుగు మీడియం పుస్తకంలోనూ అది ఎంట్రోపీయే.

పేరు పెట్టినంత మాత్రాన అందరూ ఒకే అర్థంలో వాడలేదు. 1868లో స్కాట్లండ్‌కి చెందిన భౌతిక శాస్త్రవేత్త టేట్, ఈ మాట బాగుంది కానీ దీన్ని తిరగేసి వాడితే ఇంకా బాగుంటుందనుకుని, పనికి అందుబాటులో ఉన్న శక్తికి ఎంట్రోపీ అని పేరు పెట్టేశాడు, అంటే క్లాసియస్ చెప్పినదానికి పూర్తిగా ఎదురు. మాక్స్‌వెల్ అంతటివాడు 1871లో తన పుస్తకంలో టేట్‌నే అనుసరించాడు. 1873లో అమెరికా నుంచి గిబ్స్ ఆ తేడా ఎత్తి చూపాక మాక్స్‌వెల్ దిద్దుకున్నాడు. కాబట్టి మొదటి చూపులో మీకు ఈ మాట కొరుకుడు పడకపోతే టెన్షన్ పడకండి, మీరున్నది మంచి కంపెనీలోనే.

మొదటి లెక్క: ఐస్

ఫ్రిజ్‌లోంచి 100 గ్రాముల ఐస్ తీసి వంటగది గట్టు మీద పెట్టాం. ఐస్ సరిగ్గా 0 డిగ్రీల దగ్గరుంది, గది 35 డిగ్రీలు. మే నెల విజయవాడ అయితే ఇంకో పది కలుపుకోండి.

1 గ్రాము ఐస్ కరగడానికి 334 జౌళ్ళు కావాలి. 100 గ్రాములకి 33,400 జౌళ్ళు. కరుగుతున్నంతసేపూ ఐస్ ఉష్ణోగ్రత మారదు, 0 డిగ్రీల దగ్గరే, అంటే 273 కెల్విన్ దగ్గరే ఉంటుంది, అందుకే నేరుగా భాగించొచ్చు. (ఉష్ణోగ్రత మారుతూ ఉంటే నేరుగా భాగించడం కుదరదు, చిన్న చిన్న ముక్కలుగా భాగించి కూడాలి. అది 5వ పాఠంలో.)

33,400 ÷ 273 = 122.3. యూనిట్ జౌల్ పర్ కెల్విన్. ఐస్ వైపు ఎంట్రోపీ ఇంత పెరిగింది.

ఇక్కడితో ఆపేస్తే సగం లెక్కే. ఆ 33,400 జౌళ్ళూ ఎక్కడి నుంచి వచ్చాయి? గది నుంచి. గది ఎంట్రోపీ తగ్గింది, ఎంత? గది 308 కెల్విన్ దగ్గరుంది, కాబట్టి 33,400 ÷ 308 = 108.4. పోయింది అదే వేడి, వచ్చిందీ అదే వేడి, ఒక్క జౌల్ తేడా లేదు. కానీ భాగించిన సంఖ్య వేరు. అందుకని ఒకచోట 122.3 పెరిగితే ఇంకోచోట 108.4 తగ్గింది, మొత్తం మీద 13.9 పెరిగింది. ఎనర్జీ ఖాతా సరిపోయింది, ఎంట్రోపీ ఖాతాలో మాత్రం మిగులు తేలింది. క్లాసియస్ 1865 వ్యాసం చివర రాసిన రెండు ప్రసిద్ధ వాక్యాల సారాంశం ఇదే: విశ్వం ఎనర్జీ మారదు, విశ్వం ఎంట్రోపీ గరిష్ఠం వైపు పోతుంది.

ఆ 13.9 ఉత్త అంకె అనుకోకండి. దాన్ని గది ఉష్ణోగ్రత 308తో గుణించి చూడండి, దాదాపు 4,280 జౌళ్ళు వస్తుంది. ఆ నీళ్ళని అదే గదిలో తిరిగి ఐస్ చేయాలంటే ఎంత గొప్ప ఫ్రిజ్ అయినా తక్కువలో తక్కువ అంత కరెంటు తాగాల్సిందే, ప్రపంచంలో ఏ కంపెనీవాడూ దానికంటే తగ్గించలేడు. మన ఇళ్ళలో ఫ్రిజ్‌లు నిజంగా తాగేది దానికి కొన్ని రెట్లు ఉంటుంది, అది వేరే సంగతి. ఫ్రిజ్‌లో నీళ్ళు గడ్డకడుతున్నాయి కదా, మరి ఎంట్రోపీ తగ్గుతోంది కదా అని అడిగేవాళ్ళకి జవాబు కూడా ఇక్కడే ఉంది: ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి. లోపల తగ్గినదానికంటే ఎక్కువ అక్కడ పెరుగుతోంది.

గమనించారా, ఇంతవరకూ అణువుల ఊసే ఎత్తలేదు. క్లాసియస్ లెక్కకి అణువులు అక్కర్లేదు. థర్మామీటర్ ఒకటి, వేడి కొలిచే పాత్ర ఒకటి ఉంటే చాలు.

రెండో అర్థం

1948లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ ఒక పెద్ద వ్యాసం రాశాడు, రెండు విడతల్లో అచ్చయింది. ఆయన బాధ వేడితో కాదు, టెలిఫోన్ తీగలతో. తీగ మీద పంపే సందేశంలో సమాచారం ఎంత ఉందో కొలవాలి. సందేశం ఏం చెబుతోంది, దానికి అర్థమేంటి అన్నదాంతో తీగకి సంబంధం లేదు. వచ్చేదాన్ని ముందే ఎంతవరకు ఊహించగలం అన్నదే లెక్క. అదే సంస్థలో హార్ట్‌లీ 1928లోనే ఎన్ని అవకాశాలున్నాయో చూసి దానికి లాగ్ తీసుకోవాలని చెప్పాడు. అవకాశాలన్నీ సమానంగా లేనప్పుడు ఏం చేయాలో షానన్ తేల్చాడు.

ఆయనకి తేలిన సూత్రం అచ్చు పోసినట్టు గిబ్స్, ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త బోల్ట్స్‌మన్ వాడిన ఎంట్రోపీ సూత్రంలా ఉంది. దానికి పేరేం పెట్టాలి అన్నదాని మీద ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ట్రైబస్, మెకర్విన్ 1971లో రాసినదాని ప్రకారం, సలహా ఇచ్చింది గణితవేత్త వాన్ న్యూమన్: ఎంట్రోపీ అని పెట్టు, ఒకటి, ఆ సూత్రం ఇప్పటికే ఆ పేరుతో వాడుకలో ఉంది, రెండు, ఎంట్రోపీ అంటే నిజంగా ఏంటో ఎవరికీ తెలియదు కాబట్టి వాదనలో నీదే పైచేయి అవుతుంది, అన్నాడట. కథ భలేగా ఉంది, అందుకే అందరూ చెబుతారు. నాకు మాత్రం ఇది పాఠకుల్ని తప్పుదారి పట్టించిన కథ అనిపిస్తుంది, పేరు ఏదో సరదాకి అతికించారన్న అభిప్రాయం కలిగిస్తుంది కాబట్టి. షానన్ తన వ్యాసంలోనే, ఇది స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో (అణువుల గుంపుల్ని సంభావ్యతలతో లెక్కకట్టే శాస్త్రంలో) కనిపించే ఎంట్రోపీ రూపమే, బోల్ట్స్‌మన్ సిద్ధాంతంలో ఉన్నదే అని విడమర్చి రాశాడు. చుట్టరికం తెలిసే పేరు పెట్టాడు.

సూత్రం మాటల్లో చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ఒక్కో ఫలితానికీ దాని సంభావ్యత ఉంటుంది. 1ని ఆ సంభావ్యతతో భాగించండి. వచ్చినదానికి రెండు ఆధారంగా లాగ్ తీసుకోండి (కాల్క్యులేటర్‌లో మామూలు లాగ్ నొక్కి, 0.3010తో భాగిస్తే అదే). దాన్ని మళ్ళీ అదే సంభావ్యతతో గుణించండి. ఇలా అన్ని ఫలితాలకీ చేసి కూడితే వచ్చేది ఎంట్రోపీ, యూనిట్ బిట్. బిట్ అనే మాట టూకీ అనే గణితవేత్త సూచించాడని షానన్ అదే వ్యాసంలో చెప్పాడు.

బొమ్మాబొరుసూ సమానంగా పడే నాణేనికి 1 బిట్. వేసి చూసుకోండి, పది సెకన్ల పని.

గవ్వలు

ఇప్పుడు అసలు లెక్క. అష్టాచెమ్మాకి నాలుగు గవ్వలు, లేదా ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు. ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం, నాలుగూ వెల్లకిలా అయితే చెమ్మా, నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. మీ ఊళ్ళో లెక్క కొంచెం వేరైనా ఫరవాలేదు. ఒక్కో గవ్వా బోర్లా పడటానికీ వెల్లకిలా పడటానికీ సమాన అవకాశం ఉందనుకుందాం. నిజం గవ్వ అలా ఉండదు, దాని వీపు గుండ్రం, కడుపు చదును, ఆ సంగతి అభ్యాసంలో చూద్దాం.

నాలుగు గవ్వలకీ రంగు వేసి గుర్తు పెట్టామనుకోండి, ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు. ఏ రంగుది ఎలా పడిందో విడివిడిగా రాస్తే మొత్తం 16 రకాలు. అన్నీ సమానమే, కాబట్టి ఎంట్రోపీ 16కి రెండు ఆధారంగా లాగ్, అంటే 4 బిట్లు. ఒక్కో గవ్వకీ ఒక్కో బిట్, న్యాయంగానే ఉంది.

కానీ ఆటలో రంగులు ఎవడికి కావాలి? ఎంత పందెం పడిందన్నదే కావాలి. ఆ 16లో అష్టా పడే దారి 1, ఒకటి పడే దారులు 4, రెండు పడే దారులు 6, మూడు పడే దారులు 4, చెమ్మా పడే దారి 1. సూత్రంలో పెట్టండి. అష్టాకి సంభావ్యత 1/16, తిరగేస్తే 16, లాగ్ 4, గుణిస్తే 0.25. చెమ్మాకీ అంతే, 0.25. ఒకటికి సంభావ్యత 4/16, తిరగేస్తే 4, లాగ్ 2, గుణిస్తే 0.5. మూడుకీ 0.5. రెండుకి సంభావ్యత 6/16, అంటే 0.375, తిరగేస్తే 2.667, లాగ్ 1.415, గుణిస్తే 0.53. అన్నీ కూడితే 2.03 బిట్లు.

అంటే మీరు వంటింట్లో ఉన్నారు, వసారాలో ఎవరో గవ్వలు వేసి "మూడు!" అనో "అష్టా!" అనో అరిచారు, ఆ అరుపు వల్ల మీకు సగటున అందిన సమాచారం 2.03 బిట్లు. మొత్తం విషయం 4 బిట్లు. మరి మిగతా 1.97 బిట్లు ఏమయ్యాయి?

దాగి ఉన్నాయి. పందెం తెలుసు, ఏ రంగు గవ్వ ఎలా పడిందో తెలియదు. "అష్టా" అని వినబడితే దాగినదేమీ లేదు, అన్నీ బోర్లా, దారి ఒక్కటే, 1కి లాగ్ సున్నా. "రెండు" అని వినబడితే 6 దారులు, లాగ్ 2.585, అంటే అంత తెలియనితనం ఇంకా మిగిలే ఉంది. సగటు కట్టి చూడండి: ఒకటికి 4/16 × 2, మూడుకీ అంతే, రెండుకి 6/16 × 2.585, మొత్తం 1.97. సరిగ్గా సరిపోయింది.

ఈ దాగిన భాగమే బోల్ట్స్‌మన్ ఎంట్రోపీ. ఈ పాఠం మొత్తంలో ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోవాలంటే అదే పెట్టుకోండి. 1877లో ఆయన చెప్పింది ఇదీ: పైకి కనిపించే స్థితి ఒకటే (మన పందెం), దాని వెనక ఉండగల లోపలి అమరికలు ఎన్నో (మన రంగుల రకాలు), ఆ ఎన్నోకి లాగ్ తీసుకుంటే ఎంట్రోపీ వస్తుంది. వియన్నాలో ఆయన సమాధి మీద చెక్కిన సూత్రం ఇదే, ఎస్ = కె లాగ్ డబ్ల్యూ, ఇందులో డబ్ల్యూ అంటే ఆ అమరికల సంఖ్య, "రెండు" పందేనికి అది 6. ఆ రూపంలో, ఆ కె పెట్టి రాసింది మాత్రం బోల్ట్స్‌మన్ కాదు, తర్వాత మాక్స్ ప్లాంక్. గవ్వలు ఊరికే వేస్తూ పోతే అష్టా కంటే రెండు ఎక్కువసార్లు ఎందుకు పడుతుంది? ఏ మాయా లేదు, దారులు ఎక్కువ. నాలుగు గవ్వలకే 6కి 1 తేడా ఉంది, గ్లాసు నీళ్ళలో అణువుల సంఖ్యకి ఆ తేడా ఏ స్థాయికి పోతుందో ఊహకి అందదు, ఎంట్రోపీ పెరుగుతుందే గానీ తగ్గదన్న నియమానికి వెనకున్న బలం అదే.

ఒక కొలతని ఇంకోదాంట్లోకి మార్చడం

బోల్ట్స్‌మన్ సూత్రంలో కె ఉంది కదా, దాని పని మారకం రేటు లాంటిది. విలువ 1.380649 × 10⁻²³ జౌల్ పర్ కెల్విన్, 2019 నుంచి దీన్ని కొలవడం మానేసి కచ్చితంగా ఇంత అని నిర్ణయించేశారు. సహజ లాగ్ (కాల్క్యులేటర్‌లో ln బటన్) వాడే ఆ సూత్రంలో 1 బిట్ అంటే లాగ్ 2, అంటే 0.693. కాబట్టి

1 బిట్ = 1.38 × 10⁻²³ × 0.693 = 9.57 × 10⁻²⁴ జౌల్ పర్ కెల్విన్.

ఇప్పుడు ఐస్ దగ్గరికి వెళ్దాం. 122.3ని ఈ సంఖ్యతో భాగిస్తే 1.28 × 10²⁵ బిట్లు. అంత పెద్ద సంఖ్య చూసి బెదిరిపోకుండా అణువుల సంఖ్యతో భాగించండి: నీటి అణుభారం 18, 100 గ్రాముల్లో 100 ÷ 18 = 5.56 మోల్స్, అవగాడ్రో సంఖ్యతో (1 మోల్‌లో ఉండే అణువుల సంఖ్య, 6.022 × 10²³) గుణిస్తే 3.35 × 10²⁴ అణువులు. భాగిస్తే అణువుకి 3.8 బిట్లు.

నాకు ఈ అంకె ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. ఐస్‌లో ఒక్కో అణువు తన చోట తాను కూర్చుని ఉంటుంది, కరిగాక అది ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో చెప్పడానికి ఐస్‌లో అవసరమైనదానికంటే సగటున దాదాపు నాలుగు అవును-కాదు ప్రశ్నలు ఎక్కువ పడతాయి. క్లాసియస్ థర్మామీటర్‌తో కొలిచింది, షానన్ టెలిఫోన్ తీగ మీద లెక్కపెట్టింది, ఇక్కడ ఒకే చోట కలిశాయి.

అలాగని రెండూ ఒకటే అనేసి ఊరుకోకూడదు. షానన్ ఎంట్రోపీ ఏ సంభావ్యతల జాబితాకైనా వేయొచ్చు, లాటరీకి, వాతావరణ సూచనకి, ఓటింగ్‌కి, దేనికైనా, అక్కడ ఉష్ణోగ్రత ఊసే లేదు. వేడి వైపు ఎంట్రోపీ మాత్రం అణువుల అమరికలకి, పైకి కొలవగల పీడనం, ఉష్ణోగ్రత లాంటివి తెలిసినప్పుడు మిగిలే తెలియనితనానికి మాత్రమే. మొదటిది పెద్ద కుటుంబం, రెండోది అందులో ఒక శాఖ. చదివేటప్పుడు ఏ అర్థంలో వాడారో తెలియాలంటే యూనిట్ చూడండి. కెల్విన్ కనిపిస్తే క్లాసియస్ వైపు, బిట్ కనిపిస్తే షానన్ వైపు. యూనిట్ లేకుండా "సమాజంలో ఎంట్రోపీ పెరుగుతోంది" అని ఎవరైనా రాస్తే పేజీ తిప్పేయండి.

రెండు వైపుల మధ్య కాగితం లెక్కే కాదు, నిజమైన రాకపోకలు కూడా ఉన్నాయి. 1961లో ఐబీఎంలో పనిచేసే రాల్ఫ్ లాండావర్, మెమరీలో 1 బిట్ చెరిపితే కనీసం ఇంత వేడి బయటికి పోవాలి అని చూపించాడు. లెక్క మీకు ఇప్పుడు వచ్చు: 9.57 × 10⁻²⁴ని గది ఉష్ణోగ్రత 300తో గుణిస్తే 2.87 × 10⁻²¹ జౌళ్ళు. చాలా చిన్నది, ఫోన్ వేడెక్కడానికి కారణం ఇది కాదు. అయినా 2012లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో నీళ్ళలో ఒక సూక్ష్మమైన పూసని లేజర్‌తో పట్టి ఆ హద్దుని ప్రయోగంలో చూడగలిగారు.

పిన్ నంబర్ గురించి ఒక హెచ్చరిక

కొత్తగా నేర్చుకున్నవాళ్ళు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఏటీఎం పిన్ నాలుగంకెలు, 10,000 అవకాశాలు, లాగ్ తీస్తే 13.3 బిట్లు. ఆరంకెల ఓటీపీకి 19.9 బిట్లు. ఇంతవరకూ సరే. కానీ పిన్‌గా పుట్టిన సంవత్సరం పెట్టుకున్న మనిషికి 13.3 బిట్లు ఉన్నట్టు కాదు. 1950 నుంచి 2010 దాకా 61 సంవత్సరాలు, అన్నీ సమానమనుకున్నా 5.9 బిట్లే, మనిషిని చూసి వయసు అంచనా వేయగలిగితే ఇంకా తక్కువ. 1984 అనే అంకెకి దానంతట దానికి ఎంట్రోపీ అంటూ ఏదీ లేదు. అది ఏ పద్ధతిలో ఎంచుకున్నదో ఆ పద్ధతికే ఎంట్రోపీ. అందుకే ఓటీపీని యంత్రం ఎంచుతుంది, మనల్ని ఎంచుకోనివ్వదు.

ఈ కుటుంబంలో మనవాడు ఒకాయన కూడా ఉన్నాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూసిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు. ఒక అడవిలోనో చెరువులోనో జీవ వైవిధ్యం ఎంత అని కొలిచేవాళ్ళు షానన్ సూత్రాన్నే వాడుతుంటారు, కానీ అందులో రెండు జాతుల మధ్య తేడా ఎంత అన్నదానికి చోటు లేదు. రెండు రకాల పిచ్చుకలున్నా, ఒక పిచ్చుకా ఒక ఏనుగూ ఉన్నా దానికి ఒకటే. 1982లో రావు ప్రతిపాదించిన కొలత ఆ తేడాని కూడా లెక్కలోకి తీసుకుంటుంది: యాదృచ్ఛికంగా ఇద్దరిని పట్టుకుంటే వాళ్ళ మధ్య సగటు దూరం ఎంత? దానికి క్వాడ్రాటిక్ ఎంట్రోపీ అని పేరు. ఇందులో లాగ్ కూడా లేదు. నాలుగో పాఠం మొత్తం దాని మీదే, చెరువులో చేపల ఉదాహరణతో.

అభ్యాసం

ముందు మీరే వేసి, తర్వాత కింది జవాబులు చూడండి.

ఒకటి. గవ్వలు ఆరు ఉంటే? రంగులతో సహా మొత్తం ఎన్ని బిట్లు, పందెం అరుపులో ఎన్ని, దాగినవి ఎన్ని? దారులు వరసగా 1, 6, 15, 20, 15, 6, 1.

రెండు. 100 గ్రాముల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగి పూర్తిగా ఆవిరైతే ఎంట్రోపీ ఎంత పెరుగుతుంది? గ్రాముకి 2,257 జౌళ్ళు. అణువుకి ఎన్ని బిట్లో కూడా వేయండి, ఐస్‌తో పోల్చండి.

మూడు. మీ దగ్గరున్న గవ్వ 10లో 6 సార్లు వెల్లకిలా పడుతోందనుకోండి. ఒక్క గవ్వకి ఎంట్రోపీ ఎంత? ఇంట్లో నిజం గవ్వలుంటే ఒకదాన్ని తీసుకుని వందసార్లు వేసి, 0.6 బదులు మీకు వచ్చిన అంకె పెట్టండి.

జవాబులు: మొదటిదానికి 6 బిట్లు, 2.33, 3.67. రెండోదానికి 225,700 ÷ 373 = 605 జౌల్ పర్ కెల్విన్, అణువుకి 18.9 బిట్లు, అంటే కరగడం కంటే ఆవిరవడంలో దాదాపు ఐదు రెట్లు. మూడోదానికి 0.97 బిట్. 0.6 అన్నది సగానికి బాగానే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఎంట్రోపీ మాత్రం 1 నుంచి పెద్దగా కదల్లేదు. 0.9 పెట్టి చూడండి, 0.47కి పడిపోతుంది. 0.5 నుంచి 1 దాకా పది చోట్ల వేసి గ్రాఫ్ గీసుకుని దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠంలో రావు కొలతని దాని పక్కనే గీస్తాం.